ఆయుధం కనిపించని యుద్ధం: సోమనాథ్ హోర్ ‘గాయాలు’

ఒక తెల్ల కాగితం. మందంగా, కాస్త గరుకుగా ఉంటుంది. ఇంకు లేదు, రంగు లేదు, గీసిన బొమ్మంటూ ఏదీ లేదు. ఒకచోట మాత్రం కాగితం చీలినట్టు పొడుగాటి గాడి ఉంది. దాని అంచులు రెండూ ఉబ్బి పైకి లేచాయి. పక్కన లోతు తక్కువ గుంటలు నాలుగైదు. ఇంకాస్త దూరంలో ఏదో కాలి ముడుచుకుపోయినట్టు ఒక మచ్చ. అంతే.

బెంగాలీ కళాకారుడు సోమనాథ్ హోర్ 1970ల మొదట్లో మొదలుపెట్టి కొన్నేళ్లపాటు చేసిన ‘గాయాలు’ అనే వరుసలో చాలా ప్రింట్లు ఇలాగే ఉంటాయి. మన దేశంలో యుద్ధం గురించి, హింస గురించి వచ్చిన గొప్ప కళాఖండాల్లో వీటిని లెక్కేస్తారు. మొదటిసారి చూసినవాళ్లకు మాత్రం వెంటనే అనుమానం వస్తుంది. ఇందులో తుపాకీ లేదు, సైనికుడు లేడు, శవం లేదు, తగలబడుతున్న ఊరు లేదు. మరి యుద్ధం ఎక్కడుంది?

ఆ అనుమానం న్యాయమైనదే. ఇవేవో మేధావులకు మాత్రమే అర్థమయ్యే బొమ్మలని పక్కకు తప్పుకోవలసిన పని లేదు. కాకపోతే జవాబు తెలియాలంటే అసలు ప్రింట్ అంటే ఏమిటో, దానికీ ఆయుధానికీ ఉన్న సంబంధమేమిటో ముందు చూడాలి.

ప్రింట్ అనగానే చాలామంది పోస్టర్ అనుకుంటారు. ఎవరో వేసిన పెయింటింగ్‌ని ఫొటో తీసి అచ్చేస్తే అది నకలు. కళాకారుల భాషలో ప్రింట్ అది కాదు. ఇక్కడ పెయింటింగ్ అనేదే ఉండదు. కళాకారుడు నేరుగా చెక్క మీదో రాగి రేకు మీదో రాయి మీదో పని చేస్తాడు. దాని నుంచి కాగితం మీదికి దిగిన ప్రతి అచ్చూ అసలైనదే. కింద పెన్సిల్‌తో 3/20 అని రాసి ఉంటే, మొత్తం 20 తీశారు, ఇది అందులో మూడోది అని అర్థం.

పద్ధతుల్లో ముఖ్యమైనవి రెండు. వుడ్‌కట్‌లో చెక్కను చెక్కేసి, మిగిలిన ఎత్తైన భాగానికి ఇంకు పూసి కాగితం మీద అద్దుతారు. పెడనలో కలంకారీ బట్టలకు వాడే చెక్క అచ్చులు పనిచేసేదీ ఇలాగే. ఎచింగ్ దీనికి తలకిందులు. లోహపు రేకు మీద మైనంలాంటి పూత పూసి, సూదితో దాన్ని గీకి, రేకును యాసిడ్‌లో ముంచుతారు. పూత లేచిపోయిన చోట యాసిడ్ లోహాన్ని తినేస్తుంది. అలా పడిన గాడిలో ఇంకు నింపి, పైనంతా తుడిచేసి, తడి కాగితం పరిచి ప్రెస్సులో గట్టిగా నొక్కుతారు. ఎత్తు మీద ఉన్న ఇంకుతో వుడ్‌కట్ పలుకుతుంది, గాడిలో ఇంకిన ఇంకుతో ఎచింగ్ పలుకుతుంది.

ఎచింగ్ పుట్టిందే ఆయుధాలు, కవచాలు చేసేవాళ్ల దగ్గర. యూరప్‌లో కవచాల మీద లతలూ బొమ్మలూ తీర్చడానికి కమ్మరులు యాసిడ్ వాడేవారు. జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో కవచాల మీద ఇలాంటి నగిషీ పని తెలిసిన డేనియల్ హోప్ఫర్, 1500 ప్రాంతంలో అదే పనిని ఇనుప రేకు మీద చేసి కాగితం మీదికి దించాడు. కొద్దికాలానికే జర్మన్ కళాకారుడు ఆల్‌బ్రెహ్ట్ డ్యూరర్ ఇనుప రేకు మీద చేసిన ఎచింగుల్లో ఒకటి 1518 నాటి ఫిరంగి బొమ్మ. వెనక ప్రశాంతంగా పల్లెటూరు, చెట్లు, కొండలు. ముందు దారికి అడ్డంగా పెద్ద ఫిరంగి. ప్రింట్ల చరిత్రలో ఆయుధం ఇంత తొందరగా, ఇంత పెద్దగా వచ్చి కూర్చుంది. తర్వాత నాలుగు వందల ఏళ్లలో అదే ఆయుధం బొమ్మలోంచి ఒక్కో అడుగూ వెనక్కి తప్పుకుంటూ పోయింది. హోర్ తెల్ల కాగితం దాకా వచ్చే దారి అదే.

1633లో ఎచింగ్ కళాకారుడు జాక్ కాలో, యూరప్‌ని కుదిపేసిన ముప్ఫై ఏళ్ల యుద్ధం నాటి దారుణాల మీద 18 ఎచింగులు చేశాడు. ఒక్కొక్కటీ జానెడు పొడవు కూడా ఉండదు. అందులోనే సైన్యాలు, దోపిడీలు, శిక్షలు, ఒకే చెట్టుకు గుత్తులుగా వేలాడే శవాలు అన్నీ ఇరికించాడు. ఆయన బొమ్మల్లో కత్తులూ తుపాకులూ అన్నీ కనిపిస్తాయి, వాటిని పట్టుకున్న చేతులూ కనిపిస్తాయి. కానీ మనుషులు చీమలంత ఉండటంతో మనం ఎక్కడో కొండ మీద నుంచి చూస్తున్నట్టు ఉంటుంది.

స్పెయిన్ చిత్రకారుడు గోయా వచ్చాక ఆ దూరం పోయింది. 1808లో నెపోలియన్ సేనలు స్పెయిన్‌ని ఆక్రమించాక జరిగిన ఘోరాల మీద ఆయన 1810 నుంచి పదేళ్లపాటు రాగి రేకులు చెక్కాడు. బతికుండగా వాటిని ప్రచురించలేదు. ఆయన 1828లో చనిపోతే, 1863లో గానీ 80 రేకుల సంపుటంగా బయటికి రాలేదు. అందులో 26వ ప్రింట్‌ని కాసేపు ఆగి చూడాలి. గుహలాంటి చీకట్లో కొందరు మోకాళ్ల మీద పడి వేడుకుంటున్నారు. ఒకడు చేతులు జోడించాడు. ఒకామె తల వెనక్కి వాల్చేసింది. బొమ్మ కుడి అంచు నుంచి బాయ్‌నెట్లు (కొసన బిగించే కత్తులు) ఉన్న తుపాకీ గొట్టాలు మాత్రం లోపలికి చొచ్చుకొచ్చి ఉంటాయి. వాటిని పట్టుకున్నవాళ్లు లేరు. ఫ్రేము అవతలే ఆగిపోయారు. ‘ఇది చూడలేం’ అని గోయా కింద రాశాడు. చంపేవాడి ముఖం చూపిస్తే వాణ్ణి తిట్టుకుని మనం తేలికపడతాం. గోయా ఆ వెసులుబాటు ఇవ్వలేదు. ఆయుధం కొస మాత్రమే మిగిల్చాడు.

ఇంకో వందేళ్లకు ఆ కొస కూడా పోయింది. బెర్లిన్ కళాకారిణి కేథే కోల్‌విట్స్ కొడుకు పీటర్ 1914లో యుద్ధానికి వెళ్తానన్నాడు. వయసు చాలదు, తండ్రి సంతకం కావాలి. తండ్రిని ఒప్పించింది తల్లే. పీటర్ అదే ఏడాది అక్టోబరులో బెల్జియంలో చనిపోయాడు. ఆ బరువును కళలోకి తేవడానికి కోల్‌విట్స్‌కి ఏళ్లు పట్టింది. మొదట ఎచింగ్‌లో, లిథోగ్రాఫ్‌లో (రాతి అచ్చులో) ప్రయత్నించారు. తృప్తి కలగలేదు. 1920లో జర్మన్ కళాకారుడు ఎర్న్‌స్ట్ బార్లాక్ వుడ్‌కట్లు చూశాక చెక్క పట్టుకున్నారు. ‘యుద్ధం’ పేరుతో ఏడు వుడ్‌కట్లు 1923లో వచ్చాయి. అందులో యుద్ధభూమి లేదు. బిడ్డను చేతుల్లో పైకెత్తి పట్టుకున్న తల్లి, మృత్యువు డప్పు వాయిస్తుంటే మైకంలో వెంటబడి పోతున్న కుర్రాళ్లు, ఒకరినొకరు పట్టుకుని కూలిపోయిన తల్లిదండ్రులు, పిల్లల చుట్టూ కోటగోడలా గుమిగూడిన తల్లులు. మృత్యువు పక్కనే నడిచే కుర్రాడు పీటరే. ఒక్క ఆయుధం కూడా కనిపించని ఈ ఏడు ప్రింట్లు చూశాక, తుపాకులు నిండిన యుద్ధచిత్రాలు నాకు చాలాసార్లు పలచగా అనిపిస్తాయి.

కోల్‌విట్స్ ఆయుధాన్ని తీసేసినా మనిషిని ఉంచారు. మనిషిని కూడా తీసేస్తే ఏం మిగులుతుంది? అక్కడి నుంచి హోర్ కథ.

సోమనాథ్ హోర్ 1921లో చిట్టగాంగ్ ప్రాంతంలో పుట్టారు. ఇప్పుడది బంగ్లాదేశ్‌లో ఉంది. 1942లో జపాన్ విమానాలు అక్కడి పటియా గ్రామం మీద బాంబులు వేసినప్పుడు ఆ శవాలను, ఆ శిథిలాలను కళ్లారా చూశారు. అప్పటికి ఇరవై ఒక్క ఏళ్ల కుర్రాడు. అదే ఏడాది ఏప్రిల్ 6న జపాన్ విమానాలు మన విశాఖపట్నం మీద, కాకినాడ మీద కూడా బాంబులు వేశాయి. భయంతో విశాఖ జనం ఊరు ఖాళీ చేసి చుట్టుపక్కల పల్లెలకు వెళ్లిపోయారు. అప్పుడు పడిన బాంబు ఒకటి విశాఖ మ్యూజియంలో ఇప్పటికీ ఉంది. బీచ్ రోడ్డుకు వెళ్లినవాళ్లలో చాలామంది చూసే ఉంటారు.

అలా మ్యూజియంలో పెట్టిన బాంబును చూస్తే మనకు తెలిసేది బాంబు గురించే. ఎంత పెద్దది, ఏ దేశానిది, ఎప్పుడు పడింది. పడ్డచోట ఏం జరిగిందో ఆ ఇనుము చెప్పదు. యుద్ధం గుర్తుగా మనం ఎప్పుడూ దాచుకునేవి ఇవే: ఫిరంగులు, ట్యాంకులు, జలాంతర్గాములు. తగిలినవాళ్ల వైపు నుంచి దాచుకున్నవి చాలా తక్కువ.

హోర్‌ను జీవితాంతం వదలనిది మాత్రం బాంబు ఒక్కటే కాదు. 1942లో బర్మా జపాన్ చేతికి చిక్కింది. అక్కడి నుంచి బెంగాల్‌కు వచ్చే బియ్యం ఆగిపోయింది. శత్రువు వస్తే ఏమీ దొరకకూడదని బ్రిటిష్ ప్రభుత్వం తీరప్రాంత జిల్లాల్లో ఉన్న ధాన్యాన్ని తరలించింది, పదిమందికి మించి పట్టే పడవలన్నీ స్వాధీనం చేసుకుంది. పడవే బండీ, పడవే బతుకూ అయిన నేల అది. ఆ అక్టోబరులో తుపాను. దాని మీద ధరల పెరుగుదల, వ్యాపారుల దాపుడు, సైన్యానికి ముందు అనే పాలకుల లెక్క. 1943 కరువులో, దాని వెంట వచ్చిన జబ్బుల్లో పోయినవాళ్లు 30 లక్షల దాకా ఉంటారని అంచనా. వాళ్లలో ఒక్కరి ఒంటి మీదా తూటా గాయం లేదు. అయినా వాళ్లు యుద్ధంలో చనిపోయినవాళ్లే.

ఆ రోజుల్లో కమ్యూనిస్టు పార్టీలో పనిచేస్తున్న హోర్‌కి చిత్రకారుడు చిత్తప్రసాద్ తోడయ్యారు. ఆసుపత్రుల్లో, వీధుల్లో ఆకలితో చస్తున్నవాళ్ల పక్కన కూర్చుని బొమ్మలు వేయడం ఎలాగో చిత్తప్రసాద్ వెంట తిరిగే నేర్చుకున్నారు. ఆ బొమ్మలు పార్టీ పత్రికల్లో వచ్చాయి. తర్వాత కలకత్తా ఆర్ట్ స్కూల్లో చేరారు. చిత్రకారుడు జైనుల్ ఆబెదిన్ దగ్గర చదువుకున్నారు, ప్రింట్ పని పట్టుకున్నారు. 1946 చివర్లో కౌలు రైతులు పంటలో మూడింట రెండు వంతులు తమకే కావాలని తెభాగా ఉద్యమం లేవదీస్తే, రంగపూర్ పల్లెల్లో తిరిగి డైరీ రాస్తూ బొమ్మలు వేశారు. అంటే ఈయన మొదటి నుంచీ మనుషుల్ని గీసినవాడే. పేరూ ఊరూ ఉన్న మనుషుల్ని. ‘గాయాలు’ చూసి, బొమ్మ గీయడం రాక తెల్ల కాగితం మీద గీతలు పెట్టాడేమో అనుకునేవాళ్లు ఈ పాతికేళ్ల పనిని ఒకసారి తిరగేయాలి.

ఢిల్లీలో కొన్నాళ్లు పాఠాలు చెప్పి, 1960ల చివర్లో హోర్ శాంతినికేతన్ కళాభవన్‌కు వచ్చారు. 1940లలో చిత్తూరు జిల్లా నందనూరు నుంచి వెళ్లిన కృష్ణారెడ్డి, చిత్రకారుడు నందలాల్ బోస్ దగ్గర చదువుకున్నది ఆ కళాభవన్‌లోనే. చాలాకాలం పారిస్‌లో పనిచేసిన మన కృష్ణారెడ్డి, ఒకే రేకు మీద చిక్కదనం వేరువేరుగా ఉన్న రంగులు ఎక్కించే పద్ధతితో ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నారు. రేకును ఆయన శిల్పంలా లోతుగా చెక్కేవారు. ఇద్దరి దారులూ వేరు. ఒకరు ఒకే రేకు మీద రంగుల పండగ చేశారు, మరొకరు రంగే వద్దన్నారు. కానీ ప్రింట్ అంటే చదునైన బొమ్మ కాదు, దానికి లోతుంది, చేత్తో తడిమితే తెలుస్తుంది అన్న నమ్మకం ఇద్దరిదీ ఒకటే.

‘గాయాలు’ తయారైన తీరులోనే వాటి అర్థమంతా ఉంది. హోర్ ముందు బంకమట్టి పలకో మైనం పలకో తీసుకునేవారు. దాన్ని కత్తితో కోసేవారు, పొడిచేవారు, కాల్చిన కడ్డీతో వాతలు పెట్టేవారు. ఆ పలక మీద సిమెంటు పోసి అచ్చు తీసేవారు. మట్టిలో లోతుగా ఉన్న కోత సిమెంటులో గట్టులా తేలుతుంది. ఆ సిమెంటు అచ్చు మీద కాగితం గుజ్జు పరిచి, నొక్కి, ఆరనిచ్చేవారు. ఆరాక ఊడదీస్తే గట్టు ఉన్నచోట కాగితంలో మళ్లీ కోత దిగి ఉంటుంది.

మామూలు ప్రింట్‌లో కాగితం ముందే సిద్ధంగా ఉంటుంది. నున్నగా, తెల్లగా ఉన్న కాగితం మీద తర్వాత బొమ్మ పడుతుంది. హోర్ ప్రింట్‌లో గుజ్జు కాగితంగా మారడం, గాయపడడం ఒకేసారి జరుగుతాయి. గాయం లేని కాగితం అంటూ ఒక్క క్షణం కూడా లేదు. గాయాన్ని చూపించే బొమ్మ వేరు, గాయపడిన వస్తువు వేరు. గోయా, కోల్‌విట్స్ చేసింది మొదటిది. హోర్ చేసింది రెండోది.

ఇంకో సంగతి. కత్తి దిగింది ఒక్కసారే, మట్టి పలకలో. ఆ తర్వాత ఆ అచ్చులోంచి వచ్చిన ప్రతి కాగితమూ అదే కోతతో వస్తుంది. వాటిలో దేన్నీ కత్తి తాకలేదు. 1942లో పడవలు లాక్కోవాలని ఒక ఆఫీసులో తీసుకున్న నిర్ణయం ఒకటే. దాని కోత ఎన్ని ఊళ్లలో, ఎన్ని ఇళ్లలో తేలిందో చూసినవాడు ఈ పద్ధతికే రావడం నాకు యాదృచ్ఛికంగా అనిపించదు. ఆయన ఇలా లెక్కేసి చేశారని నేను అనడం లేదు. చేతికి తెలిసిన సంగతి బుద్ధికి తెలియక ముందే పనిలోకి వచ్చేస్తుంది.

తన చుట్టూ ఎటు చూసినా గాయాలే కనిపించేవని హోర్ చెప్పుకున్నారు. గాటు పడిన చెట్టు, లారీ చక్రాలు దున్నేసిన రోడ్డు, కారణం లేకుండా కత్తిపోటుకు గురైన మనిషి. చివరికి వస్తువు పోయి గాయం ఒక్కటే మిగిలిందన్నది ఆయన మాటల సారం.

అసలు చిక్కు ఇక్కడే. వస్తువు పోయి గాయం మాత్రం మిగిలితే, గాయం చేసినవాడు కూడా మాయమైపోయినట్టే కదా? చెట్టుకు పడిన గాటునూ మనిషికి పడిన కత్తిపోటునూ ఒక్క గాటన కడితే, హంతకుడికి ఊరట దొరికినట్టు కాదా? 1943లో పేరు పెట్టి బొమ్మలు వేసిన కమ్యూనిస్టు, 1971లో ఎవరి పేరూ చెప్పకుండా తెల్ల కాగితం చూపించడం వెనకడుగు కాదా? ఈ అభ్యంతరాన్ని కొట్టిపారేయకూడదు. ఎదురుగా ఘోరం జరుగుతున్నప్పుడు, చేసినవాడి పేరు చెప్పాల్సిన సమయాలు ఉంటాయి. అప్పుడు ‘అందరూ గాయపడ్డవాళ్లే’ అనడం తప్పించుకోవడమే అవుతుంది.

ఈ ప్రశ్నకు ఇంకోలా బదులిచ్చిన కళాకారిణి జరీనా. అలీగఢ్‌లో 1937లో పుట్టి, చాలాకాలం న్యూయార్క్‌లో బతికి, 2020లో కన్నుమూశారు. 2003లో ఆమె చేసిన తొమ్మిది వుడ్‌కట్ల సంపుటంలో ఒక్కో ప్రింటూ ధ్వంసమైన ఒక నగరం: గ్రోజ్నీ, సరాయెవో, స్రెబ్రెనిత్సా, బేరూత్, జెనిన్, బాగ్దాద్, కాబూల్, అహ్మదాబాద్, న్యూయార్క్. నల్లటి చెక్క అచ్చులో నగరం పటం కొన్ని గీతలుగా కనిపిస్తుంది, కింద ఉర్దూలో ఆ ఊరి పేరు. న్యూయార్క్‌కి మాత్రం రెండు నిలువు గీతలు. మనుషులు లేరు, ఆయుధాలు లేవు. ఆ మాటకొస్తే హోర్ కంటే పొదుపుగా గీశారు. కానీ పేరుంది. ఆ పేరే సాక్ష్యం. విదేశీ యుద్ధాల్లో కూలిన నగరాల పక్కన, 2002 అల్లర్లలో కాలిన అహ్మదాబాద్‌ను పెట్టడం చిన్న విషయం కాదు. ఏ మాటా అనకుండానే ఆ వరుసే ఆరోపణ అయింది.

ఇద్దరిలో ఎవరి పద్ధతి సరైనదని అడిగితే, జరీనా ప్రింట్లు ఏం జరిగిందో మరిచిపోనివ్వవని, హోర్ ప్రింట్లు అది ఎలా ఉంటుందో మరిచిపోనివ్వవని అంటాను. హోర్ పేర్లు చెప్పలేదన్నది నిజమే గానీ, ఎటువైపో తేల్చకుండా ఊరుకున్న మనిషి మాత్రం కాదు. 1970లలో ఆయన కంచు శిల్పాలు మొదలుపెట్టారు. మైనం రేకుల్ని చించి, కోసి, అతికించి పోత పోసేవారు. ‘గాయాలు’లోని చీలికలే ఆ శిల్పాల ఒంటి మీద కనిపిస్తాయి. వియత్నాం ప్రజల పోరాటానికి అంకితంగా ఒక పెద్ద తల్లీబిడ్డల శిల్పం చేశారు. పూర్తయిన కొద్దికాలానికే అది కళాభవన్ నుంచి దొంగల పాలైంది. మళ్లీ దొరకలేదు. తెల్ల కాగితాల్లో తీసేసిన మనిషిని ఆయన కంచులో వెనక్కి తెచ్చుకున్నారు, గాయంతో సహా.

‘గాయాలు’ చూసే పద్ధతి గురించి ఒక మాట. ఫోన్‌లో చూసి ఏమీ లేదనుకోవద్దు. ఎదురుగా లైటు వేసి తీసిన ఫొటోలో ఇవి ఉత్త తెల్ల కాగితాల్లాగే ఉంటాయి. ఇంకు లేని ప్రింట్‌లో కనిపించేదంతా నీడే కాబట్టి, వెలుతురు పక్క నుంచి పడాలి. గ్యాలరీలో అయితే ఎదురుగా నిలబడి ఊరుకోకుండా రెండడుగులు పక్కకు జరిగి చూడండి. అంచు ఎక్కడ లేచిందో, కోత ఎంత లోతుందో, కాలిన చోట పీచు ఎలా ముడుచుకుందో అప్పుడు తెలుస్తుంది. ఢిల్లీలోని జాతీయ ఆధునిక కళా మ్యూజియంలో హోర్ పనులున్నాయి. అక్కడే కిరణ్ నాడార్ మ్యూజియం 2022లో ఆయన మీద పెద్ద ప్రదర్శన పెట్టింది.

పక్కన పెట్టిన చీటీలో పేరు చదివి వచ్చేయకుండా సంవత్సరం కూడా చూడండి. 1971 అని ఉంటే, అది బంగ్లాదేశ్ యుద్ధం జరిగిన ఏడాది. దాదాపు కోటిమంది సరిహద్దు దాటి మన వైపు వచ్చారు, వాళ్లలో ఎక్కువమంది తలదాచుకున్నది హోర్ ఉంటున్న పశ్చిమ బెంగాల్‌లోనే. కలకత్తా వీధుల్లో నక్సలైట్ల హత్యలు, పోలీసు కాల్పులు సాగుతున్నాయి. వియత్నాం మీద బాంబులు పడుతూనే ఉన్నాయి. యాభై ఏళ్లు నిండిన హోర్ అప్పుడు శాంతినికేతన్‌లో మట్టి పలకను కోస్తూ ఉన్నారు.